అడగని కబడ్డీ

మెదక్, మిషన్ బడి వెనక వీధి
సోమవారం

రామాయంపేట బస్టాండు ఎదురుగా టీవీల షాపు పరమేశ్ గారికి,

మెదక్ నుంచి కమలమ్మ టీచర్ వందనాలు. దేవుని కృప వల్ల మేము ఇక్కడ ఉన్నాము. అక్కడ మీరు, మీ ఇంటివారు, మీ షాపులోని టీవీలు అందరూ క్షేమమని తలుస్తాను.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకోకండి. నాకు చెవులు సరిగా వినపడవు. ఎదుటి మనిషి పెదవులు చూసి సగం, ఊహించి సగం అర్థం చేసుకుంటాను. ఫోనులో పెదవులు కనపడవు కదా. మీ బస్టాండు మీదుగా రోజూ తిరిగే కండక్టరు మమత మా చర్చి సంఘం పిల్లే. ఉత్తరం మీ చేతికిచ్చి, తిరుగు ట్రిప్పులో జవాబు తెస్తానంది.

ముందుగా మీకు కృతజ్ఞతలు. శనివారం వచ్చి గోడకు టీవీ బిగించారు, రాలిన సున్నం కూడా మీరే ఊడ్చి వెళ్ళారు. మా సారు పౌలు గారికి చెప్పులు విడిచి నమస్తే పెట్టారు. ఆయన తిరిగి పెట్టలేదని ఏమీ అనుకోకండి. మొన్న క్రిస్మస్ తర్వాత పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, కుడి చెయ్యి లేవదు. మిషన్ బడిలో పీఈటీ సారుగా ఉన్నప్పుడు మైదానం ఆ మూల నుంచి ఒక్క కేక వేస్తే ఈ మూల పిల్లలు ఎక్కడివాళ్ళు అక్కడ నిలబడిపోయేవారు. నా చెవులకు కూడా ఆనే గొంతు ఆయనది ఒక్కటే. ఇప్పుడు అది కూడా లేదు.

దవాఖానలో డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. “మనసుకు బాగ తెలిసింది ఏదన్న రోజు సూపియ్యుండ్రి, వినిపియ్యుండ్రి. లోపట ఎక్కడనో తాకితే మాట లేస్తది” అంది. చిన్నప్పటి నుంచి ఆయన పాడుకున్న కీర్తనలు వేద్దామనే ఈ టీవీ కొన్నాను. నా ఆశంతా దీని మీదే ఉంది.

మీరు ఉన్నంతసేపు బుద్ధిగా ఆడింది. మీరు గేటు దాటారో లేదో నెట్ లేదంది. నెట్ డబ్బా మా పై వాటాలో కిరాయికుండే ఎల్లంది. రైసు మిల్లులో పని చేస్తాడు, మంచివాడు. ఊరికే వాడుకోమన్నాడు. నేను గిన్నెలో ఏదో ఒకటి పైకి పంపుతాను, గిన్నె ఖాళీగా కిందికి రాదు. అతను ఇచ్చిన పాస్‌వర్డ్ కొట్టాలంటే బాణం మీటతో ఒక్కో అక్షరం దగ్గరికి నడిచి వెళ్ళాలి. ఒక్క నొక్కు ఎక్కువైతే పక్కింటి అక్షరం పడుతుంది. ఎలాగో చివరి అక్షరం దాకా వెళ్ళేసరికి టీవీ నిద్రపోయి జలపాతం చూపించింది. మళ్ళీ మొదటి నుంచి మొదలు. ఎలా కొట్టాలో దయచేసి రాయండి. పాస్‌వర్డ్ ఈ కాగితం వెనక రాశాను.

ఇట్లు,
కమలమ్మ

తాజా కలం: రిమోట్‌లో ఎర్ర మీట ఒక్కటే నాకు అర్థమైంది. నొక్కితే టీవీ ఆరిపోతుంది. ఇప్పటివరకు నా మాట విన్నది ఆ ఒక్క మీటే.


రామాయంపేట
మంగళవారం

కమలమ్మ టీచరమ్మకు,

షాపులో కౌంటరు మీద కాగితం పెట్టుకుని నిలబడే రాస్తున్న పరమేశ్ నమస్తే. పదో తరగతి పరీక్ష తర్వాత నేను ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్ది పంపకండి, షాపులో పిల్లలు చూస్తారు.

భయపడకండి. పెద్దక్షరం కావాలంటే ముందు పైకి చూసే బాణం గుర్తు మీదికి వెళ్ళి ఓకే నొక్కాలి, తర్వాత అక్షరం. ఒక్కో నొక్కుకు మధ్య ఊపిరి తీసుకోండి. నాలుగు అక్షరాలకు ఒకసారి సౌండు మీట తాకుతూ ఉంటే టీవీ నిద్రపోదు. మధ్యలో ఎవరు పిలిచినా పలకకండి. కీర్తనల పేరు కొట్టలేకపోతే మైకు బొమ్మ ఉన్న మీట నొక్కి నోటితో అడగండి, అదే వెతుక్కుంటుంది.

ఇంకొక సంగతి. పెళ్ళిలో పెట్టే స్టీలు గిన్నె మీద ఇచ్చినవాళ్ళ పేరు కొట్టిస్తారు కదా, నేను అమ్మిన ప్రతి టీవీ లోపల నా పేరు ఎక్కిస్తాను. మీదానిలో కూడా “పరమేశ్ టీవీ, రామాయంపేట” అని ఉంటుంది. ఈ చుట్టుపక్కల ఏ ఇంటికి వెళ్ళినా టీవీ తెరిస్తే నా పేరే. ఇంకే కంపెనీకి రాదు ఈ ఆలోచన.

సారుకు జల్దీ మాట రావాలని మా ఏడుపాయల అమ్మవారికి మొక్కుకున్నాను. మీ దేవుడు ఏమీ అనుకోడనే నా నమ్మకం.

ఇట్లు,
మీ పరమేశ్

తాజా కలం: పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బస్సులో పంపకండి. ఉత్తరం ఇస్తూనే మమత నాతో, “అన్నా, అండ్ల మూడో అక్షరం పెద్దదట” అంది.


మెదక్
మట్టల ఆదివారం, సాయంత్రం

తమ్ముడు పరమేశ్‌కు,

కమలమ్మ అక్క వందనాలు. నీ ఉత్తరం పక్కన పెట్టుకుని, ఊపిరి తీసుకుంటూ, సౌండు మీట తాకుతూ మొత్తానికి నెట్ ఎక్కించాను. టీవీ “కనెక్ట్ అయింది” అన్నప్పుడు నేను ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను. నీకు ఎంత రుణపడ్డానో చెప్పలేను. తమ్ముడు అన్నాక మీరు అనడం బాగుండదు, ఇకమీదట నువ్వే అంటాను.

మైకు మీట సంగతి మాత్రం వదిలెయ్యి. నేను అడిగింది దానికి అర్థం కాదు, అది చెప్పింది నాకు వినపడదు. ఇద్దరం మర్యాదగా విడిపోయాం.

కీర్తనలు వేశాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. సారు గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. కన్ను కూడా కదపలేదు. పెళ్ళయిన కొత్తలో ఆయన మొదటి వరసలో నిలబడి పాడిన కీర్తన వేస్తే కూడా అంతే. మనసు చివుక్కుమంది. అయినా రేపు వింటారేమోనని వేస్తూనే ఉన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కీర్తన దానంతట అదే ఆగిపోతోంది, కబడ్డీ వస్తోంది. నేను ఏ మీటా ముట్టుకోవడం లేదు. వెనక్కి నొక్కితే పోదు, ఇంటి బొమ్మ నొక్కితే పోయి మళ్ళీ వస్తుంది. ఈ రోజు మా స్త్రీల సమాజం వాళ్ళు మట్టలు పట్టుకుని సారు కోసం ప్రార్థన చేయడానికి వచ్చారు. అందరం కళ్ళు మూసుకున్నాం. తెరిచేసరికి గోడ మీద పన్నెండుమంది చెడ్డీల్లో ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. రామాయణంలో పిడకల వేట అంటే ఇదే.

పంపేది నువ్వేనని టీవీయే చెబుతోంది తమ్ముడూ. కబడ్డీ మొదలయ్యే ముందు తెర మీద “పరమేశ్ టీవీ, రామాయంపేట” అని పడుతుంది. నువ్వు మంచి మనసుతో ఏదో ఒకటి చూపిద్దామని పంపుతున్నావు, నాకు తెలుసు. కానీ ఈస్టర్ ముందు ఈ శ్రమదినాల్లో మాకు కబడ్డీ వద్దు. దయచేసి ఆపెయ్యి.

ఇట్లు,
కమలమ్మ

తాజా కలం: మా సమాజం కార్యదర్శి ఆమెన్ అనడం మరిచిపోయి, “ఎవరు గెలిచిండ్రు?” అని అడిగింది.


రామాయంపేట
సోమవారం

అక్కకు,

పరమేశ్ నమస్తే. నీ ఉత్తరం చదివి మస్తు పరేశానయ్యాను. నేను ఏమీ పంపడం లేదు. పంపే మిషను నా దగ్గర ఉంటే ఇక్కడ ఈ డొక్కు ఫ్యాను కింద ఎందుకు కూర్చుంటాను? ఎండాకాలం మొదలైంది, కూలర్లు, ఫ్రిజ్‌ల గిరాకీతో నాకు తినడానికి తీరడం లేదు. నువ్వు చూసింది టీవీ పేరు, పంపిన మనిషి పేరు కాదు.

నువ్వు తెలియకుండా రిమోట్ మీద కూర్చున్నావేమో చూసుకో. సగం ఫిర్యాదులకు మూలం అదే. ఈలోగా సాయంత్రం పూట టీవీ ప్లగ్గు పీకెయ్యి. ప్లగ్గు లేకపోతే ఏ కబడ్డీ రాదు.

మీ పై వాటా ఎల్లం కూడా నా దగ్గరే టీవీ కొన్నాడు. అతనిది ఇంకో రకం గొడవ. ఫోనులో చూసేది టీవీలో వెయ్యబోతే, ఫోనేమో “పోతున్నది” అంటుందట, టీవీ మాత్రం నల్లగా చూస్తుందట. ఇన్నాళ్ళూ బాగానే నడిచింది, ఈ నడుమే ఇలా అయిందంటాడు. అతని మాట నేను అంతగా పట్టించుకోవడం లేదు. శివరాత్రి నుంచి నా మీద అతనికి వేరే కోపం ఉంది, అదంతా టీవీ మీద తీరుస్తున్నాడు. అది ఉత్తరంలో రాసే కథ కాదు.

సారుకు నమస్తే చెప్పు. కీర్తనలు ఆపొద్దు.

ఇట్లు,
పరమేశ్

తాజా కలం: నువ్వు ప్రార్థనలో ఉన్నప్పుడు వచ్చిన కబడ్డీలో ఎవరు గెలిచారు? ఊరికే అడుగుతున్నాను.


మెదక్
బుధవారం

నా తమ్ముడు పరమేశ్‌కు,

ఈ ఉత్తరం ఏడుస్తూ రాస్తున్నాను, భయపడకు, సంతోషంతోనే. అక్షరాలు వంకరగా ఉంటే అదే కారణం.

నీ ఉత్తరం నిన్న అందింది. ప్లగ్గు పీకుదామని లేచాను. అంతలోనే కబడ్డీ మొదలైంది. తెర మీద ఎవరో విజిల్ పెట్టుకుని తిరుగుతున్నారు. కళ్ళజోడు తుడుచుకుని దగ్గరికి వెళ్ళి చూస్తే నువ్వే! అవే మీసాలు, అదే బొజ్జ, మా గోడకు మేకులు కొట్టిన అవే చేతులు. సాక్షాత్తు నువ్వే వచ్చి మా గోడ మీద నిలబడి, నేను ఏమీ పంపడం లేదని ఉత్తరం రాస్తావా? కుడి చెయ్యి చేసేది ఎడమ చేతికి తెలియకూడదని మా గ్రంథంలో ఉంది. నువ్వు చదవకుండానే పాటిస్తున్నావు.

చెయ్యి అంటే గుర్తొచ్చింది. నువ్వు విజిల్ ఊదావు. నేను ప్లగ్గు మీద చెయ్యి పెట్టి వెనక్కి తిరిగి చూశాను. మా సారు కుడి చెయ్యి లేచింది. ఒడిలో గుడ్డపీలికలా పడి ఉండే చెయ్యి, వేళ్ళతో సహా భుజం దాకా లేచి టీవీ వైపు చూపించింది. మళ్ళీ మెల్లగా పడిపోయింది. నేను కలగన్నాననుకున్నాను. ఈ రోజు కూడా చూశాను. మిగతా ఆటంతా కదలరు, చివర్లో నువ్వు విజిల్ ఊదగానే చెయ్యి లేస్తుంది. నీకు నమస్తే పెడుతున్నారని నా గుండె చెబుతోంది. ఆ రోజు పెట్టలేకపోయిన నమస్తే ఈ రోజు తీర్చుకుంటున్నారు.

ముప్పై ఏళ్ళు ఆయన బట్టలకు అంటిన మైదానం మట్టి ఉతికాను గాని, ఒక్కనాడు ఆట చూడలేదు. ఆయన మనసుకు తెలిసింది ఏదో నాకే తెలియలేదు. డాక్టరమ్మ చెబితే నాకు కీర్తనలు తోచాయి, నీకు కబడ్డీ తోచింది. ఆపమని నేను రాసింది మరిచిపో. రోజూ పంపు. మామిడికాయ తొక్కు పంపుతున్నాను, మమత దారిలో రుచి చూడకుండా మూతకు గుడ్డ కట్టాను.

ఇట్లు,
నీ అక్క కమలమ్మ

తాజా కలం: ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. ఎన్ని ఆటలు ఆడించినా రోజూ అదే నీలం చొక్కా వేస్తున్నావు. మరదలు ఊళ్ళో లేదా?


రామాయంపేట
బుధవారం

అక్కకు,

పరమేశ్ నమస్తే. మొన్నటి నా ఉత్తరానికి జవాబు ఇంకా రాలేదు. అయినా ఆగలేక రాస్తున్నాను, మెదక్ డిపో ఇంకో బస్సు వాళ్ళకు ఇచ్చి పంపుతున్నాను.

నీ టీవీ రోగం దొరికింది. కారణం అడగకు, చెబితే నాకే సిగ్గు. నీ టీవీలో ఏ తప్పూ లేదు, నీ వేలిలోనూ లేదు, తప్పు నాది. ఇప్పుడే ఇక్కడి నుంచి ఫోనులో చెప్పి సరిచేయించాను. రేపటి నుంచి మీ ఇంట్లోకి కబడ్డీ కాలు పెట్టదు. ప్లగ్గు పీకాల్సిన పని లేదు. గుడ్ ఫ్రైడే ప్రశాంతంగా చేసుకోండి.

ఆడవాళ్ళంతా మట్టలు పట్టుకుని కూర్చున్న దగ్గర చెడ్డీలు చూపించిన పాపం నాకు తగలకుండా కొంచెం ప్రార్థన చెయ్యి.

ఇట్లు,
పరమేశ్

తాజా కలం: నా సర్వీసులో ఇంత శుభ్రంగా చేసిన రిపేరు ఇంకోటి లేదు. జన్మలో మళ్ళీ రాదు చూడు.


మెదక్
గుడ్ ఫ్రైడే, మధ్యాహ్నం

తమ్ముడు పరమేశ్‌కు,

అక్క వందనాలు. మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నేను రోజూ పంపమని రాసిన రోజే నువ్వు ఆపేశావు. నిన్ను ఏమీ అనను. నేను ఆపమంటేనే కదా ఆపావు. అడిగినదాన్ని అడిగినట్టు చేసిన మనిషిని ఎలా తప్పుపట్టాలి? ఎంత శుభ్రంగా చేశావంటే నిన్న సాయంత్రమంతా కీర్తనలే వచ్చాయి, ఒక్కటి కూడా తెగలేదు.

కానీ తమ్ముడూ, సారు పరిస్థితి బాగాలేదు. నిన్న దీపాల వేళకు టీవీ వైపు చూసి చూసి, ఆ తర్వాత తల పైకెత్తారు. చెయ్యి లేచింది. ఈసారి టీవీ వైపు కాదు, పైకి. ఇంటి కప్పు వైపు వేలు చూపించి అలాగే ఉన్నారు. నోట్లో పెట్టిన జావ మింగలేదు. నా వైపు చూస్తారు, మళ్ళీ పైకి చూపిస్తారు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

పైనుంచి పిలుపు వచ్చిందని నాకు అర్థమైంది. మా చర్చి పాస్టరు జయానందం అయ్యగారిని పిలిపించాను. ఆయన కూడా ఆ వేలిని చూసి, “సారు తయారుగ ఉన్నడమ్మా” అన్నారు. చెయ్యి పట్టుకుని దీర్ఘంగా ప్రార్థన చేశారు. మధ్యలో సారు చెయ్యి లాక్కుని మళ్ళీ కప్పు చూపించారు. అంత తొందరేమిటని నేను ఏడ్చాను.

మందులకు దవాఖాన ఉంది. నాకు కావలసింది నీ దగ్గర ఉంది. నువ్వు విజిల్ ఊదినప్పుడు ఆ చెయ్యి నా ఇంటి గోడ వైపు చూపించింది, ఇప్పుడు పరలోకం వైపు చూపిస్తోంది. నువ్వు ఏ రిపేరు చేశావో అది చెడగొట్టు. ఆయనతో ఒక్క మాట అనిపించుకోకుండా నేను ఆయన్ని పంపలేను. ఇంతవరకు నువ్వు చేసినదానికి మాత్రం నా ప్రాణం ఉన్నంతకాలం నీకు కృతజ్ఞురాలిని.

ఇట్లు,
కమలమ్మ

తాజా కలం: అయ్యగారు వెళ్తూ వెళ్తూ మా కప్పు వైపు చూసి, చెదలు పడుతోంది, అది కూడా చూసుకోమన్నారు.


రామాయంపేట
శనివారం, షాపు మూసేసి

అక్కా,

నమస్తేలు తర్వాత. ముందు ఏడుపు ఆపు. సారును ఎవరూ పిలవడం లేదు. పైన ఉన్నది దేవుడు కాదు, ఎల్లం.

సిగ్గుపడి దాచినదంతా ఇప్పుడు చెబుతాను. నేను అమ్మిన టీవీలన్నిటికీ నా పేరే పెట్టానన్నాను కదా. నీ టీవీకి అదే పేరు, పైన ఎల్లం టీవీకి అదే పేరు, ఇద్దరికీ నెట్ డబ్బా ఒకటే. అతను మిల్లు నుంచి వచ్చి ఫోనులో ఆట పెట్టి, “పరమేశ్ టీవీ” మీద నొక్కుతాడు. అతని ఫోనులో రెండు పరమేశ్‌లు కనపడుతున్నాయి. అతను ఆ వరసలో ముందున్న పరమేశ్‌ను నొక్కుతున్నాడు, అది నీ టీవీ. ఆట నీ గోడ మీద పడుతోంది, అతని టీవీ నల్లగా ఉంటోంది. మంగళవారం అతను షాపుకు వచ్చి అరిచి ఫోను నా ముందు పెడితే అప్పుడు వెలిగింది నాకు. గిన్నెల మీద ఒకే పేరుంటే పక్కింటి గిన్నె మనింటికి రాదా? మర్నాడు రాత్రి ఫోనులో చెప్పి అతని టీవీకి “ఎల్లం” అని పేరు మార్పించాను. అప్పటి నుంచి ఆట పైన నడుస్తోంది. నీకు వినపడదు కానీ సారుకు చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి. కప్పు మీద విజిల్ మోగుతుంటే, ఆట పైకి పోయిందని చూపిస్తున్నాడు ఆయన.

నువ్వు చొక్కా గురించి రాశావు కదా. మరదలు ఊళ్ళోనే ఉంది, రోజూ ఉతుకుతుంది. అన్ని రోజులూ నువ్వు చూసింది ఒకటే ఆట. శివరాత్రికి చేగుంటలో జరిగిన ఫైనల్. ఆదివారాలు నేను అంపైరుగా వెళ్తుంటాను. చివరి రైడులో మా రామాయంపేట పిల్లాడు ఇద్దరిని తాకి తిరిగొచ్చాడు. పక్క గీత తొక్కాడని చేగుంట వాళ్ళు, తొక్కలేదని నేను. విజిల్ నా నోట్లో ఉంది. మావాళ్ళు గెలిచిన కప్పు ఇప్పుడు నా షాపు అద్దాల బీరువాలో ఉంది. ఎల్లంది చేగుంట. ఆ కాలు పెద్ద తెర మీద చూసి నన్ను పట్టుకోవాలని రోజూ అదే ఆట వేసుకుంటున్నాడు. మా ఊరివాణ్ణయినా విజిల్ పట్టుకుంటే నాకు ఊరు లేదక్కా. కాలు గీత మీద పడలేదు. ఈ మాట చచ్చేదాకా అంటాను.

ఎల్లం నా మాట వినడు, నీ మాట వింటాడు. పైకి కబురు పంపు. ఫోను తీసుకుని కిందికొచ్చి మీ టీవీలో వెయ్యమను. నేను చూపించిన దారి కన్నా అతని కోపమే సారుకు పనికొచ్చేలా ఉంది.

ఇట్లు,
పరమేశ్

తాజా కలం: తొక్కు అందింది. మూతకు కట్టిన గుడ్డ మాత్రం రాలేదు. మమతను అడుగు.


మెదక్
ఈస్టర్ తర్వాత బుధవారం

నా తమ్ముడు పరమేశ్‌కు,

అక్క దీవెనలు. ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నిన్న సాయంత్రం ఎల్లం గిన్నె పట్టుకుని కిందికి వచ్చాడు. గిన్నెలో సర్వపిండి, జేబులో ఫోను. సంగతంతా చెబితే తల గోక్కున్నాడు. ఇన్నాళ్ళూ కింది నుంచి అదే ఆట వినపడుతుంటే ఏమనుకున్నావని అడిగాను. “సారు గూడ నా తీర్గనే ఆ పాయింట్ మీద పరేశానున్నడు అనుకున్న అమ్మా” అన్నాడు.

సారు కుర్చీ పక్కనే కింద కూర్చుని ఆట వేశాడు. నేను టీవీ వైపు చూడలేదు, సారు పెదవులే చూస్తూ కూర్చున్నాను. చివరి రైడు వచ్చింది. నువ్వు విజిల్ ఊదావు. చెయ్యి లేచింది. ఎప్పటిలాగే పడిపోతుందనుకున్నాను, పడలేదు. మెడ నరాలు ఉబ్బాయి. పెదవులు ఒకసారి గుండ్రంగా తిరిగి విడిపోయాయి. నాకు ఏమీ వినపడలేదు. ఎల్లం మాత్రం పామును తొక్కినవాడిలా లేచి నిలబడ్డాడు. “ఏమన్నరు సార్? మల్లొక్కసారి అనుండ్రి” అని ఆయన మోకాళ్ళు పట్టుకున్నాడు.

అప్పుడు అరిచారు తమ్ముడూ. మైదానం ఈ మూల నుంచి ఆ మూలకు అరిచినట్టే అరిచారు.

“ఔట్. లైన్ తొక్కిండు.”

నా చెవులతో విన్నాను. ఎవరూ రాసి చూపించలేదు, ఎవరి పెదవులూ చదవలేదు. నా రెండు చెవులతో నేనే విన్నాను.

అంటే ఆయన నీకు పెట్టింది నమస్తే కాదు. రోజూ అదే తప్పు తీర్పు కళ్ళ ముందు జరుగుతుంటే ఆపలేక, చెప్పలేక లోపల ఉడికిపోయారు. కీర్తనలు ఎవరూ తప్పు పాడలేదు, అందుకే వాటి జోలికి పోలేదు. ఎల్లం కాలు దగ్గర ఆట ఆపి నాకు కూడా చూపించాడు. ఆట తెలియనిదాన్ని, కానీ కుట్టు టీచర్‌గా చేసినదాన్ని, గీత ఎక్కడుందో, దాని మీద ఏముందో నాకు తెలుస్తుంది. మడమ గీత మీదే ఉంది తమ్ముడూ.

నువ్వు బాధపడతావని తెలుసు. అందుకే ఇది నిండు మనసుతో రాస్తున్నాను. శివరాత్రి నాడు నువ్వు సరైన తీర్పు ఇచ్చి ఉంటే ఎల్లంకు కోపం వచ్చేది కాదు. అతనికి కోపం రాకపోతే ఆ ఆట మా గోడ మీదికి వచ్చేది కాదు. అది రాకపోతే మా సారు ఇంకా గోడ వైపే చూస్తూ ఉండేవారు. మంచి పనులు చేసినవాళ్ళకు అందరూ కృతజ్ఞతలు చెబుతారు. నేను నీ తప్పుకు చెబుతున్నాను. వచ్చే ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పేటప్పుడు నీ పేరు, నీ షాపు పేరు, నీ విజిల్ పేరు కూడా చెబుతాను. ఈస్టర్ రోజే మాట్లాడి ఉంటే సాక్ష్యానికి ఇంకా బాగుండేది. ఆయన రెండు రోజులు ఆగి మంగళవారం మాట్లాడారు.

డాక్టరమ్మ చూసి చాలా సంతోషించింది. అన్ని మాటలూ ఒకేసారి రావు, ఒక్కొక్కటే మెల్లగా వస్తాయంది. నాకు తొందరేమీ లేదు. రెండు మాటలతోనే ఇల్లు నిండిపోయింది.

కప్పు సంగతి. సారు తీర్పు ఇచ్చారు కాబట్టి అది చేగుంటకు చేరాలి. రేపటి ట్రిప్పులో మమతకు ఇచ్చి పంపు. ఎల్లం నిన్ను ఒక్క మాట అనడు, నేను మాట తీసుకున్నాను. కప్పు ఇచ్చాక నువ్వే ఒక ఆదివారం నీ నీలం చొక్కాతో రా. సారు పక్కన కూర్చుని ఒక ఆట చూడు. గీత దగ్గర ఎలా నిలబడాలో ఆయన చేత్తో చూపిస్తారు.

ఇట్లు,
ఎప్పటికీ నీకు కృతజ్ఞురాలు,
నీ అక్క కమలమ్మ

తాజా కలం: ఈ పొద్దున సారు నాతో మొదటి మాట అన్నారు. ఇన్ని నెలల తర్వాత ఏమంటారోనని నేను పెదవుల దగ్గరే ముఖం పెట్టుకుని కూర్చున్నాను. పప్పు చూపించి, “ఉప్పు లేదు” అన్నారు. వీధి చివరి దాకా వినపడేలా అన్నారు. డాక్టరమ్మ ఉప్పు బంద్ పెట్టింది కదా, అందుకని ఆ ఒక్క మాటకు మాత్రం నాకు చెవులు వినపడటం లేదు.